చచ్చిపోయిన సిమెంట్ క్వారీలో అడవి: మొంబాసా సరుగుడు తోట, రోకలిబండల కథ

ఈ ఎపిసోడ్ ఒక ఫోటోతో మొదలుపెడదాం. మీలో చాలామంది దీన్ని ఏదో ఒక రీల్‌లోనో, వాట్సాప్ ఫార్వర్డ్‌లోనో చూసే ఉంటారు. ఒక పెద్ద తాబేలు. దానికి ఆనుకుని పడుకున్న ఒక హిప్పో పిల్ల, అంటే మనం నీటిగుర్రం అంటామే, అది. సునామీలో తప్పిపోయిన పిల్ల, 130 ఏళ్ల తాబేలుని పెద్దదిక్కుగా చేసుకుంది అని కింద రాసి ఉంటుంది. ఇలా ఫోన్లలో తిరిగే జంతువుల కథల్లో చాలావరకు ఎవరో అల్లినవే ఉంటాయి. ఇది మాత్రం నిజంగా జరిగింది. ఆ పిల్ల పేరు ఓవెన్, తాబేలు పేరు మ్జే. కథ చివర్లో మళ్లీ వాళ్ల దగ్గరికి వద్దాం.

నేను ఇవాళ మాట్లాడాలనుకున్నది ఆ ఫోటోలో వాళ్ల వెనకాల కనిపించే దాని గురించి. చెట్లు, పచ్చగడ్డి, ఒక చెరువు. ఎవరికైనా ఏదో మామూలు ఆఫ్రికా అడవిలా కనిపిస్తుంది. కానీ 1971లో ఆ చోట గడ్డిపరక కూడా లేదు. అది ఒక సిమెంట్ ఫ్యాక్టరీ తవ్వి వదిలేసిన క్వారీ. కెన్యా దేశంలో, మొంబాసా నగరానికి కాస్త ఉత్తరాన, బంబూరి అనే చోట, హిందూ మహాసముద్రం ఒడ్డున ఉంది. ఇప్పుడు దాన్ని హాలర్ పార్క్ అంటారు.

ఈ టాపిక్ ఎందుకు ఎంచుకున్నానో ముందే చెప్పేస్తా. మాది పల్నాడు. మా ఊరి పక్కనే ఒక సున్నపురాయి క్వారీ ఉండేది. రాయి అయిపోయింది, మిషన్లు వెళ్లిపోయాయి, గొయ్యి మిగిలిపోయింది. వానలకు నీళ్లు నిండాయి. ఎండాకాలం సెలవుల్లో మేమంతా అక్కడికే ఈతకి వెళ్లేవాళ్లం. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మా వీధి పిల్లాడు ఒకడు ఈతకి దిగి పైకి రాలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు చుట్టూ ముళ్లకంప వేశారు. అది కూడా ఎండిపోయి ఎవరింట్లోనో పొయ్యిలోకి వెళ్లిపోయింది. గొయ్యి ఇంకా అలాగే ఉంది. మా ఊళ్లో అందరూ అనేది ఒకటే: తవ్విన గొయ్యి ఇంక గొయ్యే, దాన్ని ఎవడేం చేస్తాడు? నేను కూడా చాలా ఏళ్లు అలాగే అనుకున్నా. బంబూరి గురించి చదివేదాకా.

సరే, కథలోకి వెళ్దాం. ముందు ఆ తీరం గురించి కొంచెం తెలియాలి.

కెన్యా తీరంలో సముద్రం పక్కన మీరు తొక్కే రాయి ఒకప్పటి పగడపు దిబ్బ. లక్ష ఏళ్లకు పైగా క్రితం సముద్ర మట్టం ఇప్పటికంటే ఎక్కువగా ఉన్న కాలంలో, పగడపు జీవులు నీళ్లలో కట్టుకున్న గూళ్లు అవి. తర్వాత సముద్రం వెనక్కి తగ్గింది, ఆ దిబ్బలు పైకి తేలి రాయి అయిపోయాయి. అదంతా సున్నపురాయే. ఆ తీరంలో స్వాహిలి జనం వందల ఏళ్లుగా ఆ పగడపు రాయినే కోసి ఇళ్లు, మసీదులు కట్టుకున్నారు. దాన్నే కాల్చి సున్నం చేసుకున్నారు. 1593లో పోర్చుగీసు వాళ్లు మొంబాసాలో ఫోర్ట్ జీసస్ కోట మొదలుపెట్టినప్పుడు వాడింది కూడా ఆ రాయే. ఆ కోట ఇప్పటికీ నిలబడి ఉంది, 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

అంటే రాయి తవ్వడం అక్కడ కొత్త కాదు. కానీ మనిషి చేత్తో కోసుకునేది వేరు, ఫ్యాక్టరీ నమిలేది వేరు. బంబూరిలో సిమెంట్ కంపెనీ 1951లో పెట్టారు, 1954లో ఉత్పత్తి మొదలైంది. అప్పటికి కెన్యా ఇంకా బ్రిటిష్ వాళ్ల కింద ఉంది. 1963 డిసెంబర్ 12న స్వతంత్రం వచ్చింది. కొత్త దేశానికి రోడ్లు కావాలి, స్కూళ్లు కావాలి, ఆఫీసులు కావాలి. అన్నిటికీ సిమెంట్ కావాలి. ఫ్యాక్టరీ మీద ఎవరికీ కోపం రావాల్సిన పని లేదు, అది దేశం కట్టుకుంటున్న సరుకు. రోజూ పేల్చారు, రోజూ తవ్వారు. పైనున్న పొదలు, చెట్లు, పల్చటి మట్టి, అన్నీ పోయాయి. దాదాపు భూగర్భ జలం తగిలే దాకా దిగారు.

1970 నాటికి అక్కడ మిగిలింది ఊహించుకోండి. తెల్లటి రాతి నేల. ఎండ పడితే కళ్లు తెరవలేం. మట్టి సున్నా. కొంచెం లోతుకి వెళ్తే నీళ్లు ఉన్నాయి, కానీ సముద్రం పక్కనే కాబట్టి ఉప్పగా ఉంటాయి. చల్లగాలి తగలడానికి అడ్డం ఆ క్వారీ గోడలు. పురుగు లేదు, పిట్ట లేదు. మా పల్నాడులో మే నెలలో క్వారీలోకి దిగిన వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు, పెనం మీద నిలబడ్డట్టే ఉంటుంది.

1971లో కంపెనీ ఈ గొయ్యిని ఏదో ఒకటి చేయమని తమ దగ్గర పనిచేస్తున్న ఒకాయనకి అప్పగించింది. ఆయన పేరు రెనే హాలర్. స్విట్జర్లాండ్ దేశస్థుడు, మొక్కల పెంపకం, వ్యవసాయం తెలిసిన మనిషి. అడవి చేయమని ఎవరూ అడగలేదు. చూడ్డానికి అసహ్యంగా ఉంది, కాస్త పచ్చగా చెయ్, అంతే.

ఆయన ముందు చేసిన పని చాలా సింపుల్. అక్కడ ఏది బతుకుతుందో తెలియదు కాబట్టి 26 రకాల చెట్లు తెచ్చి రాతిలో గుంతలు కొట్టి నాటాడు. ఆ 26లో 23 చచ్చిపోయాయి. మూడే బతికాయి. ఒకటి కొబ్బరి. రెండోది కోనోకార్పస్ జాతి చెట్టు. మన ఊళ్లలో డివైడర్ల మీద గుబురుగా నాటి, తర్వాత ఎలర్జీలు వస్తాయని వద్దనుకున్నారే, ఆ కోనోకార్పస్ జాతిలోదే. మూడోది, అన్నిటికంటే బాగా పెరిగింది, సరుగుడు.

ఇక్కడ నేను చదవడం ఆపి నవ్వుకున్నా. ఎందుకంటే మా అమ్మమ్మ వాళ్లది చీరాల దగ్గర సముద్రం పక్క ఊరు. ఆ ఊరి చుట్టూ సరుగుడు తోటలే. కొన్నిచోట్ల సర్వి తోటలు అంటారు. గాలి వచ్చినప్పుడు సముద్రం హోరుకి, ఆ తోట హోరుకి తేడా తెలియదు. సెంట్రింగ్‌కి పెట్టే కర్రలు, పందిళ్లకి వేసే గుంజలు, పేపర్ మిల్లులకి వెళ్లే లారీలు, అన్నీ ఆ సరుగుడే. అది మన దేశపు తీరాలకి కూడా బయటి నుంచి తెచ్చి నాటిందే. 19వ శతాబ్దంలో మద్రాసు వైపు ఆవిరి రైళ్లకి వంటచెరుకు కోసం పెద్ద ఎత్తున వేశారు. అలా తీరమంతా పాకింది.

సరుగుడు ఎందుకు బతికింది? రెండు కారణాలు. ఒకటి, ఉప్పుని తట్టుకుంటుంది. ఆకుల్లా కనిపించే ఆ సన్నటి సూదులు నిజానికి చిన్న చిన్న కొమ్మలు. నీళ్లు తక్కువ ఆవిరైపోతాయి. రెండు, దాని వేళ్ల మీద బుడిపెలు ఉంటాయి. వాటిలో ఫ్రాంకియా అనే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. అది గాల్లో ఉన్న నత్రజనిని పట్టి చెట్టుకి ఎరువుగా ఇస్తుంది. మన వేరుశెనగ, కంది, పెసర వేళ్లలో వేరే బ్యాక్టీరియా ఇలాంటి పనే చేస్తుంది. అంటే మట్టి లేని చోట కూడా ఇది తన ఎరువు తానే తయారు చేసుకుంటుంది.

కొన్నేళ్లకి క్వారీలో సరుగుడు తోట నిలబడింది. దూరం నుంచి చూస్తే పచ్చగా ఉంది. మన దగ్గర అయితే ఇక్కడ రిబ్బన్ కట్ చేసి, ఫోటో దిగి, ప్రెస్‌నోట్ ఇచ్చి వెళ్లిపోయేవాళ్లం. హాలర్ ఆగలేదు, ఎందుకంటే ఆయనకి కింద ఒక సమస్య కనబడింది.

సరుగుడు తోటలో నడిచిన వాళ్లకి తెలుసు. కింద ఇంకేం మొలవదు. ఎండిన సూదులు మందంగా పరుచుకుని ఉంటాయి, అడుగేస్తే పరుపులా ఉంటుంది. మా అమ్మమ్మ ఊళ్లో ఆడవాళ్లు ఆ చెత్తంతా ఊడ్చి గంపల్లో పొయ్యిలోకి తీసుకెళ్లేవాళ్లు. బంబూరిలో ఊడ్చేవాళ్లు లేరు. ఏళ్లు గడిచినా ఆ సూదులు కుళ్లడం లేదు. వాటిలో టానిన్ ఎక్కువ. అదే, టీలో వగరు ఉంటుంది కదా, ఆ వగరు ఇచ్చే పదార్థం. బ్యాక్టీరియా దాన్ని త్వరగా ముట్టుకోదు. కుళ్లకపోతే మట్టి కాదు. మట్టి కాకపోతే ఇంకో చెట్టు రాదు. అంటే అది చెట్లు నిలబెట్టిన క్వారీయే తప్ప అడవి కాదు.

అప్పుడు ఆయన కంట్లో పడింది ఒక రోకలిబండ. అవును, మన ఇళ్లల్లో వానాకాలం గోడల మీద పాకుతుందే, ముట్టుకుంటే గుండ్రంగా చుట్టుకుపోతుందే, అదే జాతి. అక్కడివి ఎర్రటి కాళ్లతో, మన వేలంత పొడుగుంటాయి. స్వాహిలిలో జొంగో అంటారు. ఆ రోకలిబండ ఎండిన సరుగుడు సూదుల్ని తింటోంది. ఎవరికీ అక్కర్లేని ఆ చెత్తని నములుతోంది.

ఆయన ఏం చేశాడంటే, చుట్టుపక్కల నుంచి వందల రోకలిబండల్ని ఏరించి తెప్పించి తోటలో వదిలాడు. అవి సూదుల్ని తిన్నాయి, పేడ వేశాయి. ఆ పేడ మీద బ్యాక్టీరియా, బూజు పనిచేయడం మొదలైంది. అలా నల్లటి పొర ఏర్పడింది. హ్యూమస్ అంటాం కదా, తోటల్లో డబ్బు పెట్టి కొనుక్కునే సారవంతమైన నల్లమట్టి, అది. రాతి మీద, మనిషి ఒక్క లారీ మట్టి కూడా తోలకుండా, పురుగులు మట్టి చేసి పెట్టాయి.

నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ముఖ్యమైన పాయింట్ ఇదే. అడవి అంటే మనం తల పైకెత్తి చూస్తాం. ఆయన తల దించి చూశాడు. పైన చెట్టు బతికిందా అని కాదు, కింద ఆకు కుళ్లుతోందా అని చూశాడు.

ఆ తర్వాత వరుస చూడండి. మట్టి వచ్చాక నీడ పట్టున ఆ తీరానికి చెందిన స్థానిక చెట్ల మొక్కలు నాటారు. సరుగుడు పెరిగిన కొద్దీ కొన్నిటిని కొట్టి కర్రగా అమ్మారు. దానివల్ల కొంచెం డబ్బు వచ్చింది, కింది మొక్కలకి వెలుతురూ వచ్చింది. పండ్ల చెట్లు కాపుకొస్తే పిట్టలు వచ్చాయి, పిట్టలు గింజలు తెచ్చాయి. తవ్విన చోట్ల నీళ్లు ఊరి చెరువులయ్యాయి. వాటిలో తిలాపియా చేపలు పెంచారు. చేపలుంటే దోమ పిల్లలు తగ్గుతాయి. తల్లుల్ని పోగొట్టుకున్న జంతువుల్ని కూడా తెచ్చి పెట్టారు. శాలీ అనే ఒక హిప్పో కూడా అలా వచ్చిందే. హిప్పో రాత్రిపూట గట్టు మీద గడ్డి మేసి పగలు నీళ్లలో పేడ వేస్తుంది. ఆ పేడ వల్ల నీళ్లలో నాచు పెరుగుతుంది, నాచు చేపలకి తిండి. తర్వాత జింక జాతులు, జిరాఫీలు, మొసళ్లు.

గమనించారా? జిరాఫీ చివర్లో వచ్చింది. రోకలిబండ ముందు వచ్చింది. మనమైతే జిరాఫీ కోసం టెండర్ పిలిచి మొదలుపెడతాం.

1984లో అక్కడ నడిచి చూసేలా దారి వేసి జనానికి తెరిచారు. 1987లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఇచ్చే గ్లోబల్ 500 గుర్తింపు హాలర్‌కి వచ్చింది. తర్వాత ఆ పార్కుకి ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడు ఓవెన్ దగ్గరికి వద్దాం. మొంబాసాకి ఉత్తరాన మలిండి అనే ఊరుంది. 1498లో వాస్కో డ గామా దారి చూపించే మనిషిని ఎక్కించుకుని కాలికట్‌కి బయల్దేరింది ఆ మలిండి నుంచే. ఆ ఊరి దగ్గర సబాకి నది సముద్రంలో కలుస్తుంది. 2004 డిసెంబర్‌లో వరదకి కొన్ని హిప్పోలు నది నుంచి సముద్రం వైపు కొట్టుకొచ్చాయి. డిసెంబర్ 26న సునామీ వచ్చింది. ఆ రోజు మన ఒడ్డున ఏం జరిగిందో మీ అమ్మానాన్నల్ని అడగండి. మచిలీపట్నం, చీరాల, నెల్లూరు తీరాల్లో ఆ ఆదివారం పొద్దున ఎవరూ మర్చిపోలేదు. అదే అల సముద్రం దాటి కెన్యాకి వెళ్లేసరికి బలం చాలా తగ్గింది, కానీ తగిలింది. అది పోయాక చూస్తే ఒక హిప్పో పిల్ల ఒక్కటే పగడపు దిబ్బ మీద చిక్కుకుపోయి ఉంది.

మరుసటి రోజు ఊరి జనం, జాలర్లు వలలు పట్టుకుని దిగారు. దాదాపు 270 కిలోల బరువు, ఒళ్లంతా జారుడు, పైగా భయంతో ఉంది. వలలు తెంపేసుకుంది. చివరికి ఒకతను రగ్బీ ఆటలో లాగా దాని మీద పడి పట్టుకుంటే మిగతావాళ్లు వల బిగించారు. ఆయన పేరు ఓవెన్, అందుకే పిల్లకి ఆ పేరు. ట్రక్కులో వేసుకుని హాలర్ పార్క్‌కి తెచ్చారు. దించగానే ఆ పిల్ల పరుగెత్తి వెళ్లి అక్కడున్న ఒక పెద్ద అల్డాబ్రా తాబేలు వెనక దాక్కుంది. ఆ తాబేలుకి దాదాపు 130 ఏళ్లు. మ్జే అంటే స్వాహిలిలో పెద్దాయన అని. పెద్దాయనకి ముందు నచ్చలేదు, విసుక్కుని పక్కకి వెళ్లిపోయాడు. పిల్ల వదల్లేదు. కొన్ని రోజులకి ఇద్దరూ కలిసి తినడం, కలిసి పడుకోవడం మొదలైంది. కొన్నేళ్ల తర్వాత ఓవెన్ బాగా పెద్దదయ్యాక తాబేలుకి దెబ్బ తగులుతుందేమో అని విడదీసి, ఇంకో హిప్పోతో కలిపారు.

అందమైన కథే. కానీ నాకు ఇందులో కనిపించేది ఇంకోటి. ఆ పిల్లని తీసుకెళ్లడానికి చెరువు, నీడ, మేత ఉన్న ఒక చోటు రెడీగా ఉంది. 1971లో అయితే ఆ చోటు తెల్లటి రాయి.

ఇంతవరకు విని, అయితే ఓకే, ఎక్కడైనా తవ్వుకోవచ్చు, తర్వాత బాగుచేసుకోవచ్చు అనుకుంటే మాత్రం మోసపోతాం. ఇది నేను గట్టిగా చెప్పాలి.

హాలర్ పార్క్ అడవే, కానీ పోయిన అడవి కాదు. అక్కడి జిరాఫీలు కంచె లోపల ఉంటాయి, మేత మనుషులు పెడతారు. మొదట నిలబెట్టిన చెట్టే ఆ తీరానిది కాదు. అసలు ఆ తీరపు అడవి ఎలా ఉండేదో చూడాలంటే వేరే చోటికి వెళ్లాలి.

ఒకటి, మిజికెండా జనం కాపాడుకున్న కాయా అడవులు. కాయా అంటే ఒకప్పుడు అడవి మధ్యలో కోటలా కట్టుకుని వాళ్లు బతికిన ఊళ్లు. 1940ల నాటికి ఊళ్లు ఖాళీ అయ్యాయి, కానీ అడవిని ముట్టుకోలేదు. పూర్వీకులు ఉన్న చోటు కాబట్టి అక్కడ చెట్టు కొట్టకూడదు, ఇష్టమొచ్చినట్టు తిరగకూడదు అని పెద్దలు కట్టుబాటు పెట్టారు. మన ఊళ్లలో పోలేరమ్మ గుడి చుట్టూ ఉన్న చెట్టు మీద గొడ్డలి పెట్టాలంటే ఎంత భయమో, అలాంటిదే. 1992 నుంచి కెన్యా ప్రభుత్వం వీటిని జాతీయ స్మారకాలుగా ప్రకటించడం మొదలుపెట్టింది, 2008లో యునెస్కో గుర్తించింది. అయినా పెద్దల మాట వినేవాళ్లు తగ్గుతున్న కొద్దీ, భూమి రేట్లు పెరుగుతున్న కొద్దీ ఆ చిన్న చిన్న అడవుల అంచులు కొరుక్కుపోతున్నాయి.

రెండోది, మలిండికి కాస్త దక్షిణాన అరబుకో సొకొకే అడవి. సుమారు 420 చదరపు కిలోమీటర్లు. తూర్పు ఆఫ్రికా తీరపు అడవిలో మిగిలిన అతిపెద్ద ముక్క ఇదే. అక్కడ సొకొకే గుడ్లగూబ ఉంటుంది. బంగారు రంగు పిరుదులున్న ఒక చిన్న జంతువు ఉంటుంది, ఎలుకలా కనిపిస్తుంది, పొడుగు ముక్కుతో. ప్రపంచంలో ఉన్న ఆ జంతువుల్లో చాలావరకు ఆ ఒక్క చోటే ఉన్నాయి. దాన్ని ఏ రోకలిబండా తిరిగి తయారు చేయలేదు.

అయితే ఒక ప్రశ్న. అడవి పక్కన బతికే పేద రైతుకి ఆ ఎలుక వల్ల ఏంటి? 1990ల మొదట్లో అక్కడి జనంలో చాలామంది ఆ అడవి తీసేసి మాకు పొలాలుగా పంచండి అన్నారు. ఏనుగులు, కోతులు వచ్చి పంట తినేస్తున్నాయి, అడవి వల్ల రూపాయి రావట్లేదు. వాళ్ల మాటలో తప్పేముంది? 1993లో కిపెపెయో అనే ప్రాజెక్టు మొదలైంది. స్వాహిలిలో కిపెపెయో అంటే సీతాకోకచిలుక. ఊరివాళ్లు అడవిలోంచి కొన్ని సీతాకోకల్ని తెచ్చి, ఇంటి దగ్గర వల గూళ్లలో పెంచి, వాటి ప్యూపాలు, అంటే రెక్కలు రాకముందు గూడులా ఉండే దశ, వాటిని అమ్ముతారు. యూరప్, అమెరికాల్లో సీతాకోకల్ని చూపించే పార్కులు ఉంటాయి, అవి కొంటాయి. అడవి ఉంటేనే సీతాకోక, సీతాకోక ఉంటేనే స్కూల్ ఫీజు. ఆ కుటుంబాల్లో అడవి మీద అభిప్రాయం మారింది. ఉపన్యాసం విని మారలేదు, చేతిలోకి డబ్బు వచ్చి మారింది.

ఇంకో విషయం దాచకూడదు. ప్రపంచంలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం సిమెంట్ తయారీ నుంచే వస్తుంది. ఒక క్వారీలో అడవి వచ్చినంత మాత్రాన ఆ లెక్క చెరిగిపోదు. పైగా ఆ అడవి ఒక కంపెనీ భూమిలో ఉంది. కంపెనీ చేతులు మారుతుంటుంది. బంబూరి చాలాకాలం లఫార్జ్ అనే ఫ్రెంచ్ గ్రూపు చేతిలో ఉంది, 2024 చివర్లో టాంజానియాకి చెందిన అమ్సన్స్ గ్రూప్ కొనుక్కుంది. చెట్టుకి నూరేళ్లు కావాలి, ఓనర్‌కి ఈ ఏడాది లాభం కావాలి. కాబట్టి ఇలాంటి చోట్ల అడవిని ఒక మంచి మనిషి మీదో, ఒక మంచి కంపెనీ మీదో వదిలేయలేం. చట్టం ఉండాలి, చూసే కళ్లు ఉండాలి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. పల్నాడు, కడప, నంద్యాల, సూర్యాపేట, తాండూరు. మన రెండు రాష్ట్రాల్లో సున్నపురాయి బెల్టులు ఇవి. మన ఇళ్ల స్లాబులు, మన ఫ్లైఓవర్లు అక్కడి నుంచే వచ్చాయి. నా కిందున్న ఈ ఫ్లోర్ కూడా. తవ్వొద్దు అని చెప్పే అర్హత నాకు లేదు. కానీ తవ్విన తర్వాత ఏంటి అని అడిగే హక్కు అందరికీ ఉంది. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, మన చట్టంలో కూడా ఇది ఉంది. సిమెంట్ సున్నపురాయి లాంటి ఖనిజం తవ్వే గనికి మైన్ క్లోజర్ ప్లాన్ తప్పనిసరి. తవ్వుతున్నప్పుడే వెనకనుంచి బాగుచేసుకుంటూ రావడానికి ఒక ప్లాన్, పూర్తిగా మూసేటప్పుడు ఒక ప్లాన్. దీనికి డబ్బు గ్యారంటీ కూడా కట్టాలి. 2017 మినరల్ కన్సర్వేషన్ అండ్ డెవలప్‌మెంట్ రూల్స్‌లో ఇదంతా రాసి ఉంది. పెద్ద గనులకి పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు ఊళ్లో పబ్లిక్ హియరింగ్ పెట్టాలి. ఆ అనుమతుల లెటర్లు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో ఉంటాయి, ఫోన్‌లోనే చూడొచ్చు. దొరక్కపోతే ఆర్టీఐ పెట్టొచ్చు.

ఆ లెటర్‌లో సాధారణంగా ఇన్ని మొక్కలు నాటాలి అని ఉంటుంది. మనం సెల్ఫీ దిగే మొక్కలు కూడా అవే. ఈసారి ఎవరైనా ఇన్ని వేల మొక్కలు నాటాం అని చెబితే మూడు ప్రశ్నలు అడగండి. ఏ రకాలు? మూడేళ్ల తర్వాత ఎన్ని బతికాయి? కింద మట్టి ఏమైనా తయారవుతోందా? మొదటి ప్రశ్నకి సమాధానం చెబుతారు. రెండో దానికి ఫోన్ వచ్చిందని పక్కకి వెళ్తారు. మూడోది ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ ఆలోచించి ఉండరు.

నేను మా ఊరి గొయ్యి గురించి వెతకడం మొదలుపెట్టా. దాని లీజు పేపర్లు, క్లోజర్ ప్లాన్ కోసం ఆర్టీఐ రాశా. ఇంకా సమాధానం రాలేదు. వస్తే ఇక్కడే చెబుతా, రాకపోతే అప్పీల్ ఎలా వేయాలో అదీ చెబుతా. మా అమ్మ మాత్రం ఫోన్‌లో అంది, ఇన్నేళ్లకి ఇప్పుడు ఎందుకురా అని. ఆ పిల్లాడు మా వీధిలోనే ఉండేవాడు. వాళ్ల నాన్న ఇప్పటికీ పొలం వెళ్లాలంటే ఆ గొయ్యి పక్కనుంచి వెళ్లడు, చుట్టూ తిరిగి వెళ్తాడు. అందుకే అమ్మా, అన్నాను.

పోయిన నెల ఊరెళ్లినప్పుడు ఒకసారి ఆ గట్టు దగ్గరికి వెళ్లి వచ్చా. ఒక మూల తుమ్మచెట్టు ఒకటి ఎవరూ నాటకుండానే లేచింది. దాని కింద వంగి ఎండుటాకులు పక్కకి జరిపి చూశా. కింద రాయే ఉంది. కానీ ఆకులు కొంచెం తడిగా, కొంచెం నల్లగా ఉన్నాయి.

మీ ఊరి పక్కన ఇలాంటి గొయ్యి ఉందా? ఊరి పేరు, ఆ గొయ్యి ఎన్నేళ్లుగా అలా ఉందో కింద రాయండి. ఈత రాని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే, ఈ ఎండాకాలం వాళ్లని అటు వెళ్లనివ్వకండి. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.